పాత అమెరికన్ మజిల్ కారు కొనేముందు: జెడ్/28, జీటీవో, రోడ్ రన్నర్, షెవెల్, మాక్ 1లలో మీకు ఏది?

ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. 1995లో మొదలైన ఈ డ్రీమ్ క్రూజ్ అయిన మర్నాడే నాకు ఫోన్లు మొదలవుతాయి. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మనవాళ్ళవే ఎక్కువ. పదిహేనేళ్ళు ఉద్యోగం చేసి, ఇల్లు, పిల్లల చదువులు ఒక దారికొచ్చాక, గరాజ్‌లో ఒక పాత బండి ఉంటే బాగుండు అనుకునేవాళ్ళు. "అన్నా, కమారో జెడ్/28 తీసుకోనా, షెవెల్ ఎస్‌ఎస్ తీసుకోనా? షెవెల్‌ది 450 హార్స్‌పవర్ అట కదా!" అంటారు.

హార్స్‌పవర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నేనడిగేది ఒకటే: బండి ఎక్కడ నడుపుతారు? ఆదివారం పొద్దున ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని గుడికి వెళ్ళి, అట్నుంచి అటు టిఫిన్ తిని వస్తారా? ఒక్కరే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నడుపుతారా? షోలకి తీసుకెళ్ళి నిలబెడతారా? ఈ జవాబు దొరికితే సగం బండ్లు లిస్టులోంచి వాటంతటవే పోతాయి.

పుట్టుక రెండు రకాలు

అరవైల్లో అమెరికన్ కంపెనీలు తమ మామూలు కార్లకు చేసిన పవర్‌ఫుల్ మోడల్సే మజిల్ కార్లు. పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. బానెట్ మీద గీతలు, గాలి పీల్చే స్కూప్, లావు టైర్లు. కానీ కొన్ని రేసు రూల్‌బుక్ కోసం పుట్టాయి, మిగతావి సిగ్నల్ దగ్గర పక్కబండిని దాటడానికి పుట్టాయి. కొనేవాళ్ళు ఈ తేడా పట్టించుకోకపోతే తర్వాత బాధపడతారు.

షెవర్లే కమారో జెడ్/28 మొదటి రకం. 1966లో మొదలైన ట్రాన్స్-ఆమ్ రేసుల్లో ఇంజన్ 305 క్యూబిక్ ఇంచ్‌లు, అంటే 5 లీటర్లు, దాటకూడదని రూలు. షెవర్లే దగ్గర ఉన్న 283 క్యూబిక్ ఇంచ్‌ల ఇంజన్ చిన్నదైపోయింది, 327 రూలు దాటిపోయింది. 327 బ్లాకులో 283 స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) పెట్టి 302 తయారుచేశారు. బోర్, అంటే సిలిండర్ వెడల్పు, 4 ఇంచ్‌లు, స్ట్రోక్ 3 ఇంచ్‌లే. బోర్ వెడల్పుగా, స్ట్రోక్ పొట్టిగా ఉండే ఇంజన్‌కి పైపైకి తిరగడమంటే ఇష్టం, కింద నుంచి లాగడమంటే బద్ధకం. 1967లో ఈ బండ్లు 602 మాత్రమే చేశారు. 1968, 1969ల్లో రోజర్ పెన్‌స్కీ టీమ్ తరఫున మార్క్ డోనహ్యూ నడిపిన కమారోలు ట్రాన్స్-ఆమ్ గెలిచాక 1969లో ఆ సంఖ్య 20 వేలు దాటింది. ఫోర్డ్ బాస్ 302 కూడా ఇదే రూలుకి పుట్టిన బండి. 1965 షెల్బీ జీటీ350ది కూడా రేసు పుట్టుకే.

పాంటియాక్ జీటీవో రెండో రకం. 1964లో పాంటియాక్, షెవర్లేల యజమాని జనరల్ మోటార్స్‌లో మధ్యరకం కార్లకు 330 క్యూబిక్ ఇంచ్‌ల కన్నా పెద్ద ఇంజన్ పెట్టకూడదని కంపెనీ ఆంక్ష. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయనతో ఉన్న ఇంజనీర్లు ఆ కాగితాన్ని జాగ్రత్తగా చదివారు. ఆంక్ష కొత్త మోడల్‌కి ఉంది, ఆప్షన్‌కి లేదు. దాంతో టెంపెస్ట్ లె మాన్స్ కారుకి దాదాపు 300 డాలర్ల ఆప్షన్‌గా 389 ఇంజన్ ఇచ్చారు. 5 వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్నది మొదటి ఏడే 32 వేలు దాటింది. వుడ్‌వర్డ్ అవెన్యూ ఉత్తరాన వెళ్ళి ఆగేది పాంటియాక్ ఊళ్ళోనే. ఆ రోడ్డు మీద పుట్టి ఆ రోడ్డు మీదే పేరు తెచ్చుకున్న బండి అది. జాతరలో అది వెళ్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అంకెల్ని ఎలా చదవాలి

1971 వరకు ప్రకటనల్లో వేసిన హార్స్‌పవర్ గ్రాస్ లెక్క. ఇంజన్ని స్టాండు మీద ఒంటరిగా పెట్టి, ఎయిర్ క్లీనర్, అసలు సైలెన్సర్ లేకుండా కొలిచింది. 1972 నుంచి అన్నీ బిగించాక కొలిచే నెట్ లెక్క వచ్చింది. 1971లో జనరల్ మోటార్స్ రెండూ అచ్చేసింది: అదే షెవర్లే 454 ఎల్‌ఎస్5 ఇంజన్‌కి గ్రాస్‌లో 365, నెట్‌లో 285. ఇంజన్ మారలేదు, కొలత మారింది. కాబట్టి 1970 బండి అంకెను ఇవాళ్టి కారు అంకె పక్కన పెట్టి పోల్చకండి.

అరవైల బండ్లలోనే ఒకదాన్నొకటి పోల్చాలన్నా ఆ అంకెలు పూర్తిగా నమ్మదగ్గవి కావు. ఇన్సూరెన్స్ కంపెనీల భయంతోనూ, డ్రాగ్ రేసుల్లో తక్కువ క్లాసులో దూరడానికీ చాలా ఇంజన్లకి కావాలనే తగ్గించి రాశారు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కి 335 అని రాసి ఉంటుంది. దాన్ని నడిపినవాళ్ళెవరూ ఆ అంకెను నమ్మరు.

నేను చూసేది టార్క్, అంటే ఇంజన్ లాగే బలం, అది ఏ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందన్నది. జెడ్/28 ఇంజన్ టార్క్ 290 పౌండ్-ఫీట్, అదీ 4,200 దగ్గర. 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ 383కి 425, 3,400 దగ్గరే వచ్చేస్తుంది. కాగితం మీద 290 హార్స్‌పవర్, 335 హార్స్‌పవర్ అని చదివితే పెద్ద తేడా అనిపించదు. రోడ్డు మీద మాత్రం అవి రెండు లోకాలు.

ఒక స్నేహితుడి 1969 జెడ్/28 నేను నడిపాను. ఊళ్ళో, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి, 2,000 ఆర్‌పీఎం దగ్గర అది గునుస్తూనే ఉంది. క్లచ్ బరువు, ఎండలో కాలు పీకింది. రెండో గేర్‌లో కాస్త తొక్కితే ముందు ఏమీ కాలేదు. 4,000 దాటాక గొంతు మారిపోయింది. అప్పటిదాకా గొణిగిన ఇంజన్ ఒక్కసారి గళం విప్పి పాడినట్టు 6,000 దాకా ఆగకుండా ఎక్కింది. ఆ రెండు సెకన్ల కోసం మిగతా గంటంతా భరించొచ్చని ఆయన అంటాడు. నిజమే, కానీ ఆ గంట మీరు భరించగలరా అన్నదే ప్రశ్న. ఇంకోమాట, 1969 దాకా జెడ్/28 మాన్యువల్ గేర్లతోనే వచ్చింది. ఆటోమేటిక్ లేదు, ఏసీ లేదు. డాలస్ జులైలో ఇది చిన్న విషయం కాదు.

ఒక్కొక్కటీ నా కళ్ళతో

నా దగ్గరున్నది 1968 రోడ్ రన్నర్, 383, ఆటోమేటిక్. నా మాటలో కాస్త పక్షపాతం ఉంటే ఆ సంగతి తెలిసి చదవండి. ప్లిమత్ వాళ్ళ ఆలోచన నాకు ఎప్పుడూ నచ్చుతుంది: కుర్రాళ్ళ జేబుకి అందాలి, డబ్బంతా ఇంజన్ మీదే పెట్టాలి. అందుకే లోపల బెంచ్ సీటు, కింద కార్పెట్ బదులు రబ్బరు మ్యాట్, టాక్సీ లోపల కూర్చున్నట్టుంటుంది. మొదటి ధర 2,896 డాలర్లు. కార్టూన్ పక్షి పేరు, బొమ్మ వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50 వేల డాలర్లు కట్టారు. హారన్ కూడా ఆ పక్షిలాగే "బీప్ బీప్" అంటుంది, మా అమ్మాయి చిన్నప్పుడు దానికోసమే బండెక్కేది. మొదటి ఏడు దాదాపు 45 వేలు అమ్ముడవడంతో ఇవాళ్టికీ వెతికితే దొరుకుతుంది. 383లో హైడ్రాలిక్ లిఫ్టర్లు, మాటిమాటికీ వాల్వులు సెట్ చేయించే పని లేదు. సెల్ఫ్ కొట్టాక రెండు నిమిషాలు ఆగి బయల్దేరితే చాలు, రోజంతా లాగుతుంది.

జీటీవో దానికన్నా మర్యాదస్తురాలు. సీట్లు, డాష్‌బోర్డ్ అన్నీ ఒక మెట్టు పైన. 1964, 65 బండ్లు చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. నాలుగు బ్యారెళ్ళ కార్బ్యురేటర్ ఒక్కటే ఉన్న 389 తీసుకోండి. మూడు కార్బ్యురేటర్ల ట్రై-పవర్ ఫొటోలో అద్భుతంగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మూడింటినీ ఒక తాటి మీదకి తెచ్చే మెకానిక్ మీ ఊళ్ళో ఉంటేనే దాని జోలికెళ్ళండి. ఒక హెచ్చరిక: 1966 దాకా జీటీవోలకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఒక్క పైపు కారితే బ్రేకులన్నీ పోతాయి. 1967 నుంచి రెండు గదుల సిలిండర్ వచ్చింది, ముందు డిస్కులు ఆప్షన్‌గా వచ్చాయి. పాతది కొంటే ఇంటికి తెచ్చిన వారంలోనే రెండు గదుల సిలిండర్ వేయించండి. ఒరిజినాలిటీ పోతుందని ఎవరైనా అంటే వినకండి, పిల్లలు వెనక కూర్చునే బండి అది.

1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454 ఎల్‌ఎస్6. ప్రకటనలో 450 హార్స్‌పవర్, 500 పౌండ్-ఫీట్. ఆ ఏడాదే జనరల్ మోటార్స్ మధ్యరకం కార్ల ఇంజన్ సైజు పరిమితి ఎత్తేసింది, ఆ స్వేచ్ఛంతా ఇందులో కనిపిస్తుంది. తొక్కితే వెనకసీటు మనిషి తల హెడ్‌రెస్ట్ లేని సీటు మీదుగా వెనక్కి వాలిపోతుంది. కానీ కంప్రెషన్ 11కి పైనే, అంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ కావాలి. మిషిగన్‌లో, టెక్సాస్‌లో 93 ఆక్టేన్ పెట్రోల్ దొరుకుతుంది కాబట్టి టైమింగ్ కాస్త వెనక్కి పెట్టి నెట్టుకు రావొచ్చు. కాలిఫోర్నియాలో పంపు దగ్గర 91 మించి దొరకదు, బే ఏరియాలో ఉండేవాళ్ళు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ నాకింగ్ వింటూ టెన్షన్ పడాలి. నాకైతే అదే కారులో 454 ఎల్‌ఎస్5, 360 హార్స్‌పవర్‌ది, మంచి బేరం. కంప్రెషన్ తక్కువ, వాల్వుల గొడవ లేదు, ఊళ్ళో తేడా పెద్దగా తెలియదు.

1969 మస్టాంగ్ మాక్ 1 విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మాక్ 1 అంటే 428 అనుకుంటారు. ఆ ఏడాది 72 వేలకు పైగా మాక్ 1లు చేశారు, చాలావాటిలో ఉన్నది 351. అదీ మంచి ఇంజనే, పైగా ముక్కు బరువు తక్కువ కాబట్టి మలుపుల్లో బండి మాట వింటుంది. 428 అయితే తిన్నగా పోవడానికే పుట్టినట్టు పోతుంది. బానెట్ కింద చోటు ఎంత ఇరుకంటే స్పార్క్ ప్లగ్గులు మార్చి చేతులు గీరుకోని మెకానిక్ని నేను చూడలేదు.

426 హెమీ, బాస్ 429, జెడ్‌ఎల్1 లాంటి అరుదైన ఇంజన్ల బండ్ల జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. వాటిని కొనేవాళ్ళకి లాయర్ ఉంటాడు, నా సలహా అక్కర్లేదు.

కాగితాలు ఏ బండికి దొరుకుతాయి

నన్నడిగితే పోలికలో అన్నిటికన్నా బరువైన అంశం ఇదే. మామూలు కారుకి పెద్ద ఇంజన్, బ్యాడ్జీలు తగిలించి అసలు సరుకుగా అమ్మేవాళ్ళు యాభై ఏళ్ళుగా ఉన్నారు. ఏ బండిలో మోసం పట్టుకోవడం తేలిక అన్నది కంపెనీని బట్టి మారుతుంది.

ఫోర్డ్ అన్నిట్లోకీ తేలిక. వీఐఎన్‌లో, అంటే బండి గుర్తింపు నంబరులో, ఐదో అక్షరం ఇంజన్ చెబుతుంది: 1969 మస్టాంగ్‌లో ఆర్ లేదా క్యూ అయితే 428 కోబ్రా జెట్, జీ అయితే బాస్ 302. పైగా 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు కెవిన్ మార్టీ దగ్గరున్నాయి, వీఐఎన్ ఇచ్చి డబ్బు కడితే మార్టీ రిపోర్ట్ వస్తుంది. ప్లిమత్, డాడ్జ్‌లలోనూ ఐదో అక్షరమే: 1968 రోడ్ రన్నర్‌లో హెచ్ అయితే 383, జే అయితే హెమీ. పాంటియాక్‌కి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అని ఉంది, ఫ్యాక్టరీ బిల్లు కాపీ తెప్పించుకోవచ్చు. 1964, 65ల్లో జీటీవో ఆప్షన్ మాత్రమే కాబట్టి వీఐఎన్‌లో తెలియదు, ఆ కాగితం లేకుండా కొనకండి. 1966 నుంచి వీఐఎన్ 242తో మొదలవుతుంది.

షెవర్లే దగ్గరే తలనొప్పి. 1966 నుంచి 68 దాకా షెవెల్ ఎస్‌ఎస్ 396 వీఐఎన్ 138తో మొదలయ్యేది. 1969 నుంచి ఎస్‌ఎస్ ఆప్షన్ అయిపోయింది, మామూలు షెవెల్ మాలిబుకీ దీనికీ ఒకే నంబరు వరస. 1970 ఎల్‌ఎస్6 అని నిరూపించాలంటే ఆనాటి బిల్డ్ షీట్ (బండిలో ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం) ఉండాలి, లేదా ఇంజన్ బ్లాక్ మీద స్టాంప్ చూడాలి.

అది ఎలా చూడాలో చెప్తాను. రెండేళ్ళ కింద ఒహాయోలో ఒక షెవెల్ చూడ్డానికి వెళ్ళాను. ఎర్రటి రంగు, నల్ల గీతలు, అద్దంలా మెరుస్తోంది. అమ్మే ఆయన చాలా మర్యాదగా కాఫీ ఇచ్చాడు. నేను అడ్వాన్స్ చెక్కు జేబులో పెట్టుకునే వెళ్ళాను. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు, ఆల్టర్నేటర్ దగ్గర బ్లాక్ మీద రెండు వేళ్ళంత చదునైన చోటు ఉంటుంది. గుడ్డతో తుడిచి, టార్చ్ పక్కనుంచి వేశాను. సీఆర్‌వీ అని అక్షరాలున్నాయి, మాన్యువల్ ఎల్‌ఎస్6కి అదే కోడ్. మనసు ఎగిరి గంతేసింది. కానీ ఫ్యాక్టరీలో బ్లాక్ కోసినప్పుడు ఆ చోట సన్నటి తిన్నని గీతలు ముందు నుంచి వెనక్కి పడతాయి, దువ్వెన లాగినట్టు. ఇక్కడ ఆ గీతలు లేవు. సన్నగా గుండ్రంగా తిరిగిన గీతలున్నాయి, చేతి గ్రైండర్ పట్టి పాత అక్షరాలు చెరిపేస్తే వచ్చేవి. ఇంజన్ రీకండిషన్ చేసినప్పుడు కూడా అసలు గీతలు పోవచ్చు, నిజమే. అలాగైతే బిల్లు చూపించాలి కదా. ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. కాఫీ కప్పు కిందపెట్టి, నమస్కారం చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చే మూడు గంటల దారిలో దిగులుగానే ఉంది, అబద్ధం చెప్పను.

అయితే నకలు అని తెలిసి, నకలు ధరకే కొనడంలో తప్పేం లేదు. అమ్మేవాళ్ళే "ఇది క్లోన్" అని చెప్పి అమ్మే షెవెల్ మంచి బాడీతో దొరికితే, నడుపుకోవడానికి మాత్రమే కావాలనుకునేవాళ్ళకి అదే తెలివైన కొనుగోలు. అసలు ఎల్‌ఎస్6 కొన్నవాళ్ళు వాన పడుతుందేమోనని బయటికే తీయరు.

బాడీ, తుప్పు, ఇన్సూరెన్స్

ఇంజన్ రిపేరుకి ఒక లెక్కుంటుంది, తుప్పుకి లెక్కుండదు. మన మిషిగన్, ఒహాయోల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పాత ఇనుముని అది కింద నుంచి తినేస్తుంది. ఆరిజోనా, న్యూ మెక్సికో బండికి సీట్లు, డాష్‌బోర్డ్ ఎండకి పగిలి ఉన్నా సరే దాన్నే తీసుకోండి. సీటు కుట్టించుకోవచ్చు, ఫ్లోర్ కొత్తగా వెల్డ్ చేయించడం పెద్ద పని. సన్నటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. వెనక చక్రాల పైన, డిక్కీ మూలల్లో అది అతుక్కోకుండా జారితే లోపల ఉన్నది పుట్టీయే. వినైల్ రూఫ్ ఉన్న బండికి వెనక అద్దం చుట్టూ వేలితో నొక్కి చూడండి, కింద బుడగలుంటే ఇనుము ఉబ్బినట్టే.

మస్టాంగ్‌కి ఒక ప్రత్యేక పరీక్ష. ముందు అద్దం కింద గాలి వెళ్ళే జాలీ ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. అమ్మేవాళ్ళని అడిగి అందులో ఒక చెంబెడు నీళ్ళు మెల్లగా పోయండి. తర్వాత లోపల కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టండి. తడి తగిలితే డ్యాష్‌బోర్డ్ వెనక ఇనుము చిల్లులు పడింది, దాన్ని బాగుచేయాలంటే బండి ముందుభాగం విప్పాలి. ఒక చెంబు నీళ్ళకి ఒప్పుకోని మనిషి దగ్గర కొనొద్దు.

ఇన్సూరెన్స్ మామూలు పాలసీ తీసుకోకండి. క్లాసిక్ కార్లకి ముందే ఒప్పుకున్న ధరకి కట్టే పాలసీలుంటాయి. గరాజ్ ఉండాలి, రోజూ ఆఫీసుకి వేరే కారుండాలి, ఏడాదికి మైళ్ళు తక్కువ తిరగాలి అని షరతులు పెడతారు. వెనక సీట్లకి భుజం బెల్టులు ఉండవు, పిల్లల సీటు బిగించే కొక్కేలు ఉండవు. చిన్నపిల్లలుంటే వాళ్ళు పెద్దయ్యేదాకా ఆగమనే చెబుతాను.

నన్నడిగితే

మొదటి బండి, ఇంట్లోవాళ్ళతో వారాంతాలు, బడ్జెట్ గట్టిగా ఉంటే 1968 లేదా 69 రోడ్ రన్నర్ 383, ముందు డిస్కులు ఉన్నది లేదా తర్వాత వేయించినది. కాస్త ఎక్కువ పెట్టగలిగి, లోపల కూర్చుంటే సుఖంగా ఉండాలంటే 1966 లేదా 67 జీటీవో. 67లో ఇంజన్ 400 అయింది, బ్రేకులు బాగుపడ్డాయి, అదే నా ఓటు. కాగితాల గొడవ లేకుండా కొని ఎప్పుడైనా అమ్మేయొచ్చన్న ధీమా కావాలంటే మార్టీ రిపోర్ట్‌తో ఉన్న మాక్ 1. జెడ్/28 మాత్రం ఇప్పటికే ఒక పాత బండి ఉండి, క్లచ్ తొక్కడం ఇష్టమై, రోడ్డుకి దూరంగా ఒక ట్రాక్ దగ్గరున్నవాళ్ళకి. వాళ్ళకి దాన్ని మించిన బండి లేదు. షెవెల్ ఎల్‌ఎస్6కి బిల్డ్ షీట్ చేతిలో పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళుంటే తప్ప తొందరపడకండి.

చూడ్డానికి వెళ్ళే రోజు అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. వెళ్ళగానే అరచెయ్యి బానెట్ మీద పెట్టండి. చల్లగా ఉంటే మీరే సెల్ఫ్ కొట్టి, సైలెన్సర్ వెనకకి వెళ్ళి నిలబడి మొదటి నిమిషం పొగ రంగు చూడండి. నీలం పొగ రెండు నిమిషాలైనా ఆగకపోతే రీబోర్ ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి. బానెట్ వెచ్చగా ఉంటే మాత్రం కాసేపు కబుర్లు చెప్పి, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి రండి.